పన్ను రిఫండు మోసాలు, గుర్తింపు చౌర్యం

ఒకరి పేరు, పుట్టిన తేదీ, పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా, వేలిముద్ర వంటి వివరాలను వారి ఎరుక లేకుండా సంపాదించి, వారిలా చెలామణీ అయి డబ్బో లబ్ధో పొందడాన్ని గుర్తింపు చౌర్యం అంటారు. అందులో ఒక పెద్ద పాయ పన్ను రిఫండు చుట్టూ అల్లుకున్న మోసాలది. ఇవి రెండు తీరులు. మొదటి తీరులో దొంగ పన్ను కట్టినవారి దగ్గరికే వస్తాడు. రిఫండు మంజూరైందని ఆశపెట్టి, లింకు నొక్కించి, ఖాతా ఊడుస్తాడు. రెండో తీరులో వారి ఊసే ఎత్తడు. వారి పేరుతో తానే రిటర్ను వేసి, రిఫండును ఖజానా నుంచి నేరుగా తన్నుకుపోతాడు. భారతదేశంలో మొదటిది ఎక్కువ. రెండోది అమెరికాలో విశ్వరూపం చూపింది. రిఫండు సొమ్ము ఏ దారిన, ఎవరిని ఏమడిగి, ఎవరి చేతికి చేరుతుందన్న ఏర్పాటే ఈ తేడాకు కారణం.

రెండింటికీ వేరు మాత్రం ఒకటే. పాన్ గానీ, ఆధార్ గానీ, అమెరికాలోని సోషల్ సెక్యూరిటీ నంబరు గానీ మనిషికి పెట్టిన పేరు లాంటివి. పేరు నలుగురికీ తెలుస్తుంది, తెలియాలి కూడా. కాలక్రమంలో బ్యాంకులు, ఫోన్ కంపెనీలు, ప్రభుత్వ శాఖలు ఆ పేరు చెప్పగలిగినవాణ్నే అసలు మనిషిగా నమ్మడం మొదలుపెట్టాయి. పేరునే తాళంచెవిగా వాడుకున్న ప్రతి చోటా దొంగకు దారి దొరికింది. 1936లో మొదలైన సోషల్ సెక్యూరిటీ నంబరు కార్డుల మీద 1946 నుంచి 1972 దాకా "ఇది గుర్తింపు కోసం కాదు" అన్న అర్థం వచ్చే హెచ్చరిక అచ్చయి ఉండేది. ఆ మాటను ఎవరూ పట్టించుకోలేదు. చివరికి హెచ్చరికనే తీసేశారు.

రిఫండు వచ్చే దారి

జీతంలోంచి, ఫిక్సెడ్ డిపాజిట్ వడ్డీలోంచి, కాంట్రాక్టు బిల్లులోంచి ముందుగానే కోసే పన్ను టీడీఎస్. ఏడాది లెక్క తేల్చినప్పుడు కట్టవలసిన దానికన్నా కోసినది ఎక్కువైతే ఆ తేడా రిఫండుగా తిరిగొస్తుంది. దాఖలైన రిటర్నును 30 రోజుల్లోగా ఆధార్ ఓటీపీతోనో నెట్ బ్యాంకింగుతోనో ధ్రువీకరించాలి. ఆ తర్వాత అది బెంగళూరులోని కేంద్రీకృత ప్రాసెసింగ్ కేంద్రానికి, వాడుకలో సీపీసీకి, చేరుతుంది. అక్కడ లెక్క సరిచూసి, ఆ ఫలితం తెలిపే ఇంటిమేషన్‌ను ఈమెయిల్‌కు పంపుతారు. ఆ ఫైలు తెరిచే పాస్‌వర్డు ఏమిటంటే, చిన్న అక్షరాల్లో పాన్ నంబరు, దాని పక్కనే పుట్టిన తేదీ. ఈ-ఫైలింగ్ పోర్టల్లో యూజర్ ఐడీ కూడా పాన్ నంబరే. పన్ను శాఖే పేరును తాళంచెవిగా వాడుతున్నప్పుడు ఊళ్లో చిట్‌ఫండ్ కంపెనీనో జిరాక్సు షాపునో తప్పుపట్టి లాభం లేదు.

ఒక విషయంలో మాత్రం శాఖ గట్టి గడియ పెట్టింది. 2019 మార్చి 1 నుంచి రిఫండు చెక్కులు ఆగిపోయాయి. పాన్‌తో ముడిపడి, పోర్టల్లో ముందే ధ్రువీకరణ పొందిన బ్యాంకు ఖాతాలోకే సొమ్ము జమవుతుంది. పరాయి పాన్‌తో రిటర్ను వేసినా ఆ పాన్ ఉన్న ఖాతా దొంగ గుప్పిట్లో లేకపోతే పైసా రాలదు. అందుకే ఇక్కడి దొంగ ఖజానా జోలికి పోవడం కన్నా, రిఫండు కోసం ఎదురుచూస్తున్న మనిషి బ్యాంకు ఖాతా మీద పడటం తేలికని గ్రహించాడు.

ఈ దారిలో కార్డు నంబరు, సీవీవీ, ఏటీఎం పిన్, యూపీఐ పిన్ అవసరమయ్యే మెట్టు ఒక్కటీ లేదు. అవి అడిగినవాడు ఏ పేరుతో వచ్చినా శాఖవాడు కాడు. ఒక్క మెలిక ఉంది. ఖాతా మూతపడినా, బ్యాంకు విలీనమై ఐఎఫ్ఎస్‌సీ మారినా, పేరులో అక్షరం తేడా వచ్చినా రిఫండు నిజంగానే వెనక్కి పోతుంది. అప్పుడు శాఖ నుంచి అసలైన కబురే వస్తుంది, పోర్టల్లో ఖాతా సరిచేసుకుని రిఫండు మళ్లీ పంపమని కోరమంటుంది. దొంగ సందేశం ఈ అసలు సందేశానికి అచ్చు నకలు. కాబట్టి సందేశం నిజమా అబద్ధమా అని దాని ముఖం చూసి తేల్చే ప్రయత్నమే పెట్టుకోకూడదు. లింకును అలాగే వదిలేసి, పోర్టల్ చిరునామా సొంతంగా టైపు చేసి లోపలికి వెళ్లి చూడాలి. కబురు నిజమైతే అక్కడా కనిపిస్తుంది.

ఎర

2023 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వ పీఐబీ ఫ్యాక్ట్‌చెక్ విభాగం బూటకమని ప్రకటించిన ఒక సందేశం ఈ కళకు మంచి నమూనా. మీకు 15,490 రూపాయల ఆదాయపన్ను రిఫండు మంజూరైందని, త్వరలో ఫలానా ఖాతాలో జమవుతుందని అందులో ఉంది. కొన్ని అంకెలు చుక్కలతో దాచిన ఒక ఖాతా నంబరు ఇచ్చి, ఇది మీది కాకపోతే లింకులోకి వెళ్లి సరిచేసుకోమన్నారు. ఆ నంబరు చదివేవారిది కాదు, కాకూడదనే దొంగ కోరిక. రిఫండు వస్తుందన్న ఆశ మనిషిని కాసేపు ఆలోచించనిస్తుంది. తన డబ్బు ఇంకెవరి ఖాతాలోకో పోతోందన్న కంగారు ఆ కాసేపూ ఉంచదు. మొత్తం కూడా తెలివిగా ఎంచుకున్నదే. లక్షలంటే అనుమానం వస్తుంది, వందలంటే విసుగు. పదిహేను వేల చిల్లర ఒక మధ్యతరగతి జీతగాడికి నిజంగా రావలసిన మొత్తంలా ఉంటుంది. మామూలుగా జులై 31 గడువు చుట్టూ, గడువు దాటాక రిఫండు కోసం రోజూ ఫోన్ చూసుకునే వారాల్లోనూ ఇలాంటి ఎరలు వరసకడతాయి.

లింకు వెనక ఏముంటుందో తెలుసుకోవడానికి డ్రినిక్ అనే ఆండ్రాయిడ్ మాల్‌వేర్ చరిత్ర చాలు. 2016లో ఎస్ఎంఎస్‌లు దొంగిలించే చిన్న ప్రోగ్రాంగా పుట్టిన డ్రినిక్, 2021 నాటికి ఆదాయపన్ను శాఖ వేషం కట్టింది. ఆ ఏడాది సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ దీనిపై హెచ్చరిక జారీచేసింది. 27కు పైగా బ్యాంకుల ఖాతాదారులు దీని గురిలో ఉన్నారని చెప్పింది. నడక ఇలా ఉంటుంది. ఎస్ఎంఎస్‌లో లింకు వస్తుంది. నొక్కితే ఆదాయపన్ను శాఖ సైటును పోలిన పేజీ తెరుచుకుని, ధ్రువీకరణ కోసం ఏపీకే అనే యాప్ ఫైలు దించుకోమంటుంది. యాప్ ఫోన్లో కూర్చోగానే ఎస్ఎంఎస్‌లు, కాల్ వివరాలు, కాంటాక్టులు చూసే అనుమతి అడుగుతుంది. ఆ తర్వాత పేరు, పాన్, ఆధార్, చిరునామా, పుట్టిన తేదీతో మొదలుపెట్టి ఖాతా నంబరు, డెబిట్ కార్డు నంబరు, సీవీవీ, పిన్ దాకా ఒక్కొక్కటే నింపిస్తుంది. అన్నీ నింపాక రిఫండు మొత్తం చూపించి ట్రాన్స్‌ఫర్ నొక్కమంటుంది. నొక్కగానే ఏదో లోపం వచ్చినట్టు, యాప్ అప్‌డేట్ అవుతున్నట్టు తెర కనిపిస్తుంది. ఆ తెర తిరుగుతున్న కాసేపట్లో వివరాలన్నీ అవతలివాడికి చేరిపోతాయి. ఎస్ఎంఎస్ చదివే అనుమతి ముందే ఇచ్చేశాం కనుక బ్యాంకు ఓటీపీ మనకన్నా ముందు వాడు చదువుతాడు.

2022లో బయటపడిన డ్రినిక్ కొత్త రూపం ఇంకా భయపెట్టేది. అది నకిలీ పేజీ చూపదు. తన కిటికీలో అసలు ఆదాయపన్ను పోర్టల్నే తెరుస్తుంది. వాడకందారు నిజమైన సైటులో నిజమైన పాస్‌వర్డు కొడుతుంటే తెరను వీడియో తీస్తుంది, మీటల నొక్కుళ్లు రాసుకుంటుంది. లాగిన్ అయిందని తేలాక, మీకు 57,100 రూపాయల రిఫండు రావలసి ఉందని ఒక పెట్టె పైకి తెస్తుంది. సైటు అసలుదా నకిలీదా చూసుకోండన్న పాత జాగ్రత్త ఇక్కడ చెల్లదు. ప్లే స్టోర్ బయట నుంచి, వాట్సాప్‌లోనో ఎస్ఎంఎస్‌లోనో వచ్చిన ఏపీకేను ఎవరు పంపినా తెరవకపోవడం, తెరనంతా చూడనిచ్చే యాక్సెసిబిలిటీ అనుమతిని ఏ కొత్త యాప్‌కీ ఇవ్వకపోవడం, ఈ రెండే దీన్ని ఆపుతాయి. పంపినవారు సొంత బాబాయి అయినా సరే. ఆయన ఫోన్ అప్పటికే దొంగ చేతిలో ఉండి ఉండవచ్చు.

వెబ్ చిరునామా చదవడానికి మన ఉత్తరాల అలవాటు పనికొస్తుంది. కవరు మీద వీధి, ఊరు, జిల్లా వరసగా రాసుకుంటూ పోతే ఉత్తరం ఎక్కడికి పోవాలో చివరి పంక్తులు తేలుస్తాయి. వెబ్ చిరునామాలోనూ, మొదట్లోని "https://"ను వదిలేస్తే, మొదటి ఏటవాలు గీతకు ముందు చివరగా ఉన్న ముక్కే అసలు ఊరు. "ఇన్‌కంట్యాక్స్" అన్న మాట మొదట్లో ఎంత పెద్దగా కనిపించినా, ఆ గీత ముందు "గవ్.ఇన్" లేకపోతే అది ఆదాయపన్ను శాఖది కాదు. ఎస్ఎంఎస్‌లకు కూడా 2025 నుంచి ఒక గుర్తు వచ్చింది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన ప్రకారం పంపినవారి పేరు చివర ప్రభుత్వ సందేశానికి జీ, ప్రచారానికి పీ, సేవలకు ఎస్, లావాదేవీలకు టీ అక్షరం ఉంటుంది. మామూలు పదంకెల మొబైల్ నంబరు నుంచి వచ్చిన రిఫండు కబురును చదవకుండానే చెరిపేయవచ్చు.

నోటీసు పేరుతో బెదిరించేవారిని పట్టుకునే సాధనం ఇంకా తేలిక. 2019 అక్టోబరు 1 నుంచి ఆదాయపన్ను శాఖ జారీచేసే ప్రతి లేఖకూ డిన్ అనే విశిష్ట సంఖ్య ఉండాలి. పోర్టల్ మొదటి పేజీలోనే, లాగిన్ కాకుండానే, ఆ సంఖ్య కొట్టి నోటీసు నిజమో కాదో చూసుకోవచ్చు. ఇంత మంచి సదుపాయం గురించి శాఖ ఇంకా గట్టిగా చాటింపు వేయవలసింది.

ఖజానా మీద దాడి: అమెరికా అనుభవం

అమెరికాలో జీతం వివరాలు చూపే డబ్ల్యూ-2 పత్రాన్ని యజమాని ఉద్యోగికి ఇస్తాడు, ప్రభుత్వానికీ పంపుతాడు. చాలాకాలం ప్రభుత్వానికి చేరే ప్రతి ఆలస్యంగా వచ్చేది. ఈలోగా పన్ను శాఖ ఐఆర్ఎస్, రిటర్నులో రాసింది నమ్మి, వారాల్లోనే రిఫండు ఇచ్చేసేది. సొమ్మును ప్రీపెయిడ్ కార్డులోకి కూడా పంపించుకోవచ్చు. ఒక పేరు, ఒక సోషల్ సెక్యూరిటీ నంబరు, ఊహించి రాసిన జీతం ఉంటే చాలు. ఆసుపత్రి రికార్డుల్లోంచి, జైళ్ల జాబితాల్లోంచి నంబర్లు ఏరుకునేవారు. చనిపోయినవారి నంబర్ల జాబితా అందరికీ అందుబాటులో ఉండేది. 2013 చివర్లో చట్టం చేసి దానికి తెర వేయవలసి వచ్చింది.

ఐఆర్ఎస్‌పై నిఘా ఉంచే టిగ్టా అనే తనిఖీ సంస్థ 2012లో ఇచ్చిన నివేదిక దేశాన్ని కుదిపేసింది. 2010 పన్ను సంవత్సరానికి ఐఆర్ఎస్ కనిపెట్టలేకపోయిన దొంగ రిటర్నులు సుమారు 15 లక్షలని, వాటికి పోయిన రిఫండు 520 కోట్ల డాలర్లకు పైమాటేనని లెక్కగట్టింది. మిషిగన్ రాష్ట్రం లాన్సింగ్‌లోని ఒక్క చిరునామా మీదే 2,137 రిటర్నులు దాఖలై 33 లక్షల డాలర్ల రిఫండు వెళ్లింది. ఒకే ఇంట్లో రెండు వేలమంది ఉంటారా అని అడిగే చిన్న తనిఖీ కూడా ఆనాటి కంప్యూటర్లలో లేదు.

దిద్దుబాటు మెల్లగా వచ్చింది. 2015 చివర్లో వచ్చిన పాత్ చట్టం డబ్ల్యూ-2లను జనవరి 31కల్లా ప్రభుత్వానికీ పంపాలంది. కొన్ని రకాల పన్ను క్రెడిట్లు ఉన్న రిఫండులను ఫిబ్రవరి 15 దాకా ఆపమంది. అంటే సొమ్ము వదిలే ముందు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసే వ్యవధి దొరికింది. అదే ఏడాది ఐఆర్ఎస్‌కే ఇంకో దెబ్బ తగిలింది. పాత రిటర్నుల నకళ్లు ఆన్‌లైన్లో ఇచ్చే సేవలోకి దొంగలు చొరబడ్డారు. వారు గోడ దూకలేదు. పాత చిరునామా ఏది, ఏ బ్యాంకులో అప్పు ఉంది వంటి ప్రశ్నలకు సరైన జవాబులు చెప్పి రాజమార్గాన వెళ్లారు. మొదట లక్షమంది వివరాలు పోయాయన్నారు. 2016 ఫిబ్రవరికి ఆ లెక్క ఏడు లక్షలు దాటింది. మనిషి గురించి బయట దొరికే సమాచారంతో మనిషిని నిర్ధారించడం ఎంత బలహీనమో ఇంతకన్నా స్పష్టంగా చూపిన ఉదంతం లేదు.

ఐఆర్ఎస్ చేసిన అన్నిటిలోకీ మెచ్చుకోదగ్గది ఐపీ పిన్. ఇది ఏటా మారే ఆరంకెల సంఖ్య. రిటర్నులో ఇది లేకపోతే సోషల్ సెక్యూరిటీ నంబరు సరిగా ఉన్నా ఈ-ఫైలింగ్ తిరస్కరణకు గురవుతుంది. పేరు వేరు, తాళంచెవి వేరు అని ఒప్పుకున్న ఏర్పాటు ఇది. మొదట బాధితులకే ఇచ్చేవారు. 2021 నుంచి తన గుర్తింపు రుజువు చేసుకోగలిగిన ఎవరైనా అడిగి తీసుకోవచ్చు. అక్కడ చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువారికి ఇది ప్రత్యేకంగా పనికొస్తుంది. నలుగురైదుగురు కలిసి ఉండే అద్దె ఇంటికి ఒకే తపాలా పెట్టె ఉంటుంది. ఇళ్లు మారినా ఉత్తరాలు పాత చిరునామాకే పోతుంటాయి. తక్కువ ఫీజుకు ట్యాక్సులు వేసిపెడతానన్న పరిచయస్తుడికి డబ్ల్యూ-2, పాస్‌పోర్టు పేజీలు వాట్సాప్‌లో పంపినవారూ ఉంటారు. ఎవరైనా ముందే రిటర్ను వేసేస్తే, తమ ఈ-ఫైలింగ్ వెనక్కి తన్నినప్పుడే సంగతి తెలుస్తుంది. అప్పుడు ఫారం 14039 అనే ప్రమాణపత్రం ఇచ్చి, కాగితం రిటర్ను పంపి, నెలల తరబడి ఆగాలి. 2018 సెప్టెంబరు 21 నుంచి అక్కడి మూడు క్రెడిట్ సంస్థల దగ్గర, మన పేరున కొత్త అప్పులు పుట్టకుండా ఆపే క్రెడిట్ ఫ్రీజ్ ఉచితం. స్వదేశానికి తిరిగొచ్చేవారు బయలుదేరే ముందు ఈ పని చేసి వస్తే మేలు.

ఇదే కథలో మన దేశానికి తలవంపులైన పాత్ర ఒకటుంది. 2013 నుంచి అమెరికాలో ఇళ్లకు ఫోన్లు మోగడం మొదలైంది. ఐఆర్ఎస్ నుంచి మాట్లాడుతున్నాం, పన్ను బాకీ ఉన్నారు, ఇప్పుడే కట్టకపోతే అరెస్టు అనేవారు. వలస వచ్చినవారైతే దేశం నుంచి పంపేస్తామనేవారు. కట్టవలసింది గిఫ్టు కార్డుల రూపంలో. ఆ గొంతుల్లో చాలా అహ్మదాబాద్, ముంబై పరిసరాల కాల్ సెంటర్లవి. 2016 అక్టోబరులో థానే పోలీసులు మీరా రోడ్డులోని భవనాలపై దాడిచేసి వందలమందిని ప్రశ్నించారు, సుమారు 70 మందిని అరెస్టు చేశారు. అదే నెలలో అమెరికా న్యాయశాఖ అహ్మదాబాద్ కాల్ సెంటర్లతో పాటు పదుల మందిపై అభియోగాలు మోపింది. 2018లో అక్కడి కోర్టు 21 మందికి శిక్షలు వేసింది. వాటిలో గరిష్ఠం 20 ఏళ్లు. వీసా భయంతో బతికే మన పిల్లలే ఆ బెదిరింపులకు అందరికన్నా తొందరగా లొంగే స్థితిలో ఉన్నారన్నది మరిచిపోలేని బాధ.

బ్రిటన్ కూడా ఈ తాకిడి తప్పించుకోలేదు. అక్కడి పన్ను శాఖ 2025 జూన్‌లో పార్లమెంటు కమిటీకి చెప్పిన ప్రకారం, దొంగలు బయట సంపాదించిన వివరాలతో సుమారు లక్షమంది పేరిట ఆన్‌లైన్ ఖాతాలను వాడుకుని 4 కోట్ల 70 లక్షల పౌండ్ల రిఫండు కాజేశారు.

జిరాక్సు కాగితాలు, వేలిముద్రలు

మన దగ్గర వివరాలు పోవడానికి హ్యాకర్లే అక్కర్లేదు. సిమ్ కార్డుకు, హోటల్ గదికి, అద్దె ఇంటికి, ఫైనాన్సు బండికి ఆధార్, పాన్ జిరాక్సులు ఇస్తూనే ఉంటాం. ఆ కాగితాలు తర్వాత ఏమవుతాయో ఎవరూ అడగరు. 2022 మే 27న ఆధార్ సంస్థ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయం, ఆధార్ జిరాక్సులు ఎవరికిబడితే వారికి ఇవ్వకండి, చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ వాడండి అని ప్రకటన ఇచ్చింది. జనం కలవరపడుతున్నారని రెండు రోజుల్లోనే కేంద్రం దాన్ని వెనక్కి తీసుకుంది. వెనక్కి తీసుకున్నా సలహా మంచిదే. మాస్క్‌డ్ ఆధార్ నేటికీ ఆధార్ సంస్థ సైటులో దొరుకుతుంది. కాగితమే ఇవ్వక తప్పకపోతే, ఎవరికి, ఏ పనికి, ఏ తేదీన ఇచ్చామో ఫొటో మీదుగా అడ్డంగా రాసి సంతకం పెట్టే అలవాటు పాతదే అయినా పనిచేస్తుంది.

పాన్ పోతే జరిగేది రకరకాలు. 2022 ఫిబ్రవరిలో ఒక ఫోన్ లోన్ యాప్‌లో తమ పాన్‌తో ఎవరో అప్పు తీసుకున్నారని దేశమంతటి నుంచి ఫిర్యాదులు వెల్లువెత్తాయి. ఎప్పుడూ అప్పు చేయనివారు కూడా తమ క్రెడిట్ రిపోర్టులో ఎగవేతదారులుగా తేలారు. పేదల పాన్, ఆధార్లతో డొల్ల కంపెనీలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్లు తీసుకుని, ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ మింగే ముఠాలు ఇంకో రకం. 2025 మార్చిలో అలీగఢ్‌లో పళ్లరసం అమ్ముకునే వ్యక్తికి ఏడు కోట్ల రూపాయలకు పైబడిన ఆదాయపన్ను నోటీసు వచ్చింది. బోగస్ జీఎస్టీ రిజిస్ట్రేషన్ల జబ్బుకు మందుగా, అనుమానం ఉన్న దరఖాస్తుదారు స్వయంగా వచ్చి వేలిముద్ర వేసే పద్ధతిని గుజరాత్, పుదుచ్చేరిల తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో ప్రయోగాత్మకంగా అమలుచేసి, ఇతర రాష్ట్రాలకు విస్తరించారు.

వేలిముద్ర అనగానే తెలుగు నేల మీద జరిగిన ఒక ఉదంతం చెప్పుకోవాలి. భూమి రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీద అమ్మినవారి, కొన్నవారి ఫొటోలు, వేలిముద్రలు ఉండాలని చట్టం చెబుతుంది. ఆ దస్తావేజుల స్కానింగ్ ప్రతులు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో దొరికేవి. ఆధార్ నంబరు కూడా అదే కాగితంలో ఉండేది. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి ఆ ప్రతుల్లోంచి వేలిముద్రలు తీసి, రబ్బరు స్టాంపులు చేసే యంత్రంతో నకళ్లు పోతపోసి, అమ్మకాల టార్గెట్ కోసం వేల సిమ్‌లను పరాయివాళ్ల పేర్ల మీద యాక్టివేట్ చేశాడు. తర్వాతి ఏళ్లలో ఇదే కిటుకు రెండు రాష్ట్రాల్లోనూ ఆధార్ ఆధారిత చెల్లింపుల మీద పడింది. పల్లెల్లో బ్యాంకు తరఫున నగదు ఇచ్చే బ్యాంకు మిత్ర దగ్గరి చిన్న యంత్రంలో ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఇస్తే నగదు వస్తుంది. ఓటీపీ ఉండదు. పింఛను, ఉపాధి హామీ కూలీ తీసుకునే పల్లెవాసుల కోసం పెట్టిన సదుపాయమే వారి ఖాతాలకు కన్నమైంది. పాస్‌వర్డు పోతే మార్చుకోవచ్చు, వేలు మార్చుకోలేం. దస్తావేజుల మీది ముద్రలు బాహాటంగా పెట్టిన తప్పు వాటిపై వేలు వేసినవారిది కాదు, పెట్టిన శాఖలది. 2023 ఫిబ్రవరిలో ఆధార్ సంస్థ, వేలు ప్రాణమున్నదో కాదో పసిగట్టే రెండంచెల పరీక్షను తెచ్చింది. అంతకన్నా భరోసా ఇచ్చేది బయోమెట్రిక్ లాక్. ఆధార్ సంస్థ సైటులోనో యాప్‌లోనో దీన్ని వేసుకుంటే అసలు వేలిముద్ర కూడా పనిచేయదు. అవసరమైనప్పుడు కాసేపు తీసి మళ్లీ వేసుకోవచ్చు.

పాస్‌వర్డు ఇంకొకరి చేతిలో

మన ఊళ్లలో రిటర్ను వేసిపెట్టే ప్రతివారినీ ఆడిటర్ గారు అనే పిలుస్తాం. వారిలో చార్టర్డ్ అకౌంటెంట్లు కొందరే. ఎక్కువమంది నిజాయతీగా పని చేసేవారే. చిక్కల్లా రిటర్నుతో పాటు మొత్తం తాళాల గుత్తి అప్పగించడంలో ఉంది. పోర్టల్లో ఫోన్ నంబరు, ఈమెయిల్ కూడా వారివే ఉంటాయి. ఎక్కువ రిఫండు తెప్పిస్తాను, అందులో నాకింత అనే బేరం ఇక్కడే మొదలవుతుంది. లేని బీమా, లేని చందా, లేని ఇంటి అద్దె రాసి రిఫండు పెంచుతారు. అసలు మనిషికి ఏం రాశారో తెలియదు, సంతకం మాత్రం చట్టం దృష్టిలో అతనిదే.

2025 జులై 14న ఆదాయపన్ను శాఖ దేశవ్యాప్తంగా 150 చోట్ల తనిఖీలు చేపట్టింది. గుంపగుత్తగా రిటర్నులు వేయడానికి కొందరు తాత్కాలిక ఈమెయిల్ ఐడీలు సృష్టించి, పని అయ్యాక వదిలేస్తున్నారని, శాఖ పంపిన నోటీసులు ఎవరూ చదవకుండానే ఉండిపోతున్నాయని ఆ సందర్భంగా ప్రకటించింది. అంతకుముందు నాలుగు నెలల్లో సుమారు 40,000 మంది తమ రిటర్నులు సవరించి 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారని కూడా తెలిపింది. వీరంతా అమాయకులని చెప్పలేం, అందరూ దోషులనీ అనలేం. సొంత ఫోన్ నంబరు, సొంత ఈమెయిల్ పెట్టుకోవడం, వేసిన రిటర్ను ప్రతి అడిగి తీసుకుని చదవడం, పాస్‌వర్డు మార్చుకోవడం, పోర్టల్లోని ఈ-ఫైలింగ్ వాల్ట్‌లో ఆధార్ ఓటీపీ లేకుండా లాగిన్ కుదరకుండా పెట్టుకోవడం, ఇవి గంటలో అయ్యే పనులు.

లోపలివారి చేతిలో తాళం పడితే ఏమవుతుందో శాఖకూ అనుభవమే. ముంబైలో ఒక సీనియర్ ట్యాక్స్ అసిస్టెంట్ 2019, 2020 సంవత్సరాల్లో పై అధికారుల లాగిన్లు, టోకెన్లు వాడి సుమారు 263 కోట్ల రూపాయల బోగస్ టీడీఎస్ రిఫండులు జారీచేశాడని దర్యాప్తు సంస్థలు కేసు పెట్టాయి.

జాడ పట్టడం, ఫిర్యాదు చేయడం

వివరాలు దుర్వినియోగమైతే అది నాలుగు చోట్ల కనిపించవచ్చు. ఆదాయపన్ను పోర్టల్లోని ఫారం 26ఏఎస్‌లో, 2021 నవంబరులో వచ్చిన ఏఐఎస్ అనే వార్షిక సమాచార పత్రంలో మన పాన్ మీద నమోదైన జీతం, వడ్డీ, షేర్లు, ఆస్తి లావాదేవీలు ఉంటాయి. మనవి కానివి కనిపిస్తే అక్కడే అభ్యంతరం నమోదు చేయవచ్చు. అప్పుల సంగతి క్రెడిట్ రిపోర్టు చెబుతుంది. సిబిల్ సహా నాలుగు క్రెడిట్ సంస్థలూ దాన్ని ఏడాదికి ఒకసారి ఉచితంగా ఇవ్వాలి. తప్పు చూపించిన ఫిర్యాదు 30 రోజుల్లో తేల్చకపోతే ఆపైన రోజుకు 100 రూపాయల పరిహారం చెల్లించాలని రిజర్వు బ్యాంకు నిబంధన. మన పేరున ఎన్ని సిమ్‌లున్నాయో టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్ చూపుతుంది. ఈ సేవ 2021లో మొదట తెలుగు రాష్ట్రాల వినియోగదారులకే అందుబాటులోకి వచ్చి తర్వాత దేశమంతా విస్తరించింది. ఆధార్ ఎక్కడెక్కడ వాడారో ఆధార్ సంస్థ సైటులోని ఆథెంటికేషన్ హిస్టరీ తెలుపుతుంది.

డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలో చేయవలసింది సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్. సొమ్ము ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు గంతులేస్తూ పోతుంది, దాని వెనకే కబురు వెళ్లి బ్యాంకులు ఎక్కడికక్కడ ఆపాలి. పోలీసు స్టేషనుకు ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలని రాత్రంతా మథనపడ్డవారికి తెల్లారేసరికి ఆపడానికి ఏమీ మిగలదు. ఆ తర్వాత జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో రాతపూర్వక ఫిర్యాదు, బ్యాంకుకు లేఖ ఇవ్వాలి. రిజర్వు బ్యాంకు 2017 జులై 6 నాటి ఉత్తర్వు ప్రకారం బ్యాంకు తప్పూ ఖాతాదారు తప్పూ లేని మోసాన్ని మూడు పనిదినాల్లో చెబితే ఖాతాదారుకు నష్టం ఉండదు. నాలుగు నుంచి ఏడు రోజుల్లో చెబితే పరిమిత నష్టం. తానే ఓటీపీ చెప్పినవారికి ఈ రక్షణ తక్కువ, ఫిర్యాదు చేసేదాకా పోయింది వారిదే. ఫిర్యాదు తర్వాత పోయేది బ్యాంకుది. అందువల్ల వారికి కూడా తొందరే రక్ష. తెలంగాణలో 2023 నుంచి సైబర్ సెక్యూరిటీ బ్యూరో ప్రత్యేకంగా పనిచేస్తోంది.

చట్టం

సమాచార సాంకేతిక చట్టం 66సీ సెక్షను పరాయివారి పాస్‌వర్డు, ఎలక్ట్రానిక్ సంతకం, విశిష్ట గుర్తింపు వాడటాన్ని, 66డీ సెక్షను కంప్యూటర్ సాధనంతో వేరొకరిలా నటించి మోసగించడాన్ని నేరం చేశాయి. రెండింటికీ మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. భారతీయ న్యాయ సంహితలో 318, 319 సెక్షన్లు కూడా తోడవుతాయి. ఇవన్నీ దొంగ దొరికాక పనికొచ్చేవి. వివరాలు పోగుచేసి నిర్లక్ష్యంగా వదిలేసినవారి బాధ్యత మాటేమిటన్న ప్రశ్నకు, 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించాక గానీ కదలిక రాలేదు. ఆరేళ్లకు 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. రక్షణ చర్యలు తీసుకోని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. వాటి ప్రకారం డేటా లీకైతే సంస్థ ఆ సంగతి బాధితులకు ఆలస్యం లేకుండా చెప్పాలి, డేటా పరిరక్షణ బోర్డుకు 72 గంటల్లో పూర్తి వివరాలు ఇవ్వాలి. తన వివరాలు పోయాయని పౌరుడికి ఇప్పటిదాకా మొదట తెలియజేస్తున్నది దొంగ చేసే ఫోనే. ఆ కబురు వివరాలు పోగొట్టిన సంస్థ నుంచే రావాలన్న ఈ నిబంధన, ఇతర ప్రధాన బాధ్యతలతో పాటు, ప్రకటించిన 18 నెలలకు, అంటే 2027 మే నాటికి అమల్లోకి రావాలి.